ఆబోతు ఫలవంతత: వీర్యములోని ప్రోటీనుల చరిత్ర

ఎదకు వచ్చిన ఆవును పశువుల ఆసుపత్రికి తోలుకొనిపోయి సూది వేయించి తెచ్చిన రైతు మూడు వారములు ఎదురుచూచును. ఇరువదియొకటవ రోజు ప్రాంతమున ఆవు మరల ఎదకు వచ్చినచో చూడి నిలువలేదని అర్థము. తిరిగి ఆసుపత్రికి పోవలెను. ఈత మూడు వారములు వెనుకబడును. ఆ మేరకు పాడి నష్టము, మేత దండుగ. అట్టి సమయమున రైతు మొదట ఆవును అనుమానించును. తరువాత మేతను, ఆ తరువాత సూది వేసినవానిని అనుమానించును. ఆబోతును అనుమానించుట అరుదు. ఏలయన అది అతని కంటికి కనబడదు. ఎక్కడనో దూరపు కేంద్రములో సేకరించిన దాని వీర్యము, పావు మిల్లీలీటరు పట్టు సన్నని గొట్టములో, ద్రవ నత్రజనిలో మునిగి ఆ ఊరికి చేరినది.

పూర్వము ఊరి ఆవులకు ఊరి ఆబోతే దిక్కు. దానిలో లోపమున్నచో ఆ ఊరి ఆవులు మాత్రమే చూడి నిలువక పోయెడివి. నేడు ఒక్క ఆబోతు వీర్యము వేలకొలది ఆవులకు చేరుచున్నది. కావున దాని లోపము కూడ అంత దూరము ప్రయాణము చేయును. చిక్కేమనగా, సూక్ష్మదర్శినిలో చూచినపుడు రెండు ఆబోతుల వీర్యము ఒకే తీరున కనబడవచ్చును. శుక్రకణముల సంఖ్య సమానము, కదలిక చురుకు, ఆకారము సలక్షణము. అయినను ఒకదాని వీర్యముతో ఆవులు తేలికగా చూడి కట్టును. మరియొకదానితో పదేపదే తిరిగి ఎదకు వచ్చును. కంటికి కనబడని ఈ భేదములో కొంతభాగము మాంసకృత్తులలో, అనగా ప్రోటీనులలో ఉన్నది. వానిలో కొన్ని శుక్రకణములోనే కలవు. మరికొన్ని శుక్రకణములు ఈదులాడు వీర్యరసములో కలవు. ఈ సంగతి తెలియుటకు చాల కాలము పట్టినది. ఆ చరిత్రలో హైదరాబాదుకు కూడ ఒక చోటు గలదు.

హాలెండు దేశీయుడైన ల్యూవెన్‌హుక్ తాను చేసికొన్న సూక్ష్మదర్శినిలో శుక్రకణములను చూచి 1677లో లండను రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. అవి వీర్యములో ఏమి చేయుచున్నవో నూరేండ్ల వరకు ఎవరికిని రుజువు కాలేదు. 18వ శతాబ్దము చివరిభాగమున ఇటలీలో స్పల్లాంజాని కప్పల వీర్యమును కాగితముతో వడగట్టెను. క్రిందికి దిగిన ద్రవము కప్పగ్రుడ్లను ఫలింపజేయలేదు. కాగితముపై మిగిలినదానిని నీటితో కడిగి వాడగా గ్రుడ్లు ఫలించినవి. ఇంత చక్కని ప్రయోగము చేసియు ఆయన శుక్రకణములకు ఆ పనిని అంటగట్టుటకు ఒప్పుకొనకపోవుట శాస్త్రచరిత్రలోని వింతలలో ఒకటి. తరువాతివారు ఒప్పుకొనిరి. కాని ఆ ప్రయోగము వలన మరియొక అభిప్రాయము కూడ స్థిరపడినది: ఫలింపజేయునది కణమే, చుట్టునున్న రసము దానికి వాహనము మాత్రమే అని. ఆ ఉపేక్ష చాల కాలము సాగినది.

శుక్రకణములోని ప్రోటీనుల పరిశోధన ఆబోతుతో గాక చేపతో మొదలైనది. రైను నదిలో ఎదురీదుచు గ్రుడ్లు పెట్టుటకు వచ్చు సాల్మన్ చేపల వీర్యము నుండి స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున ఫ్రెడ్‌రిక్ మీషర్ 1874లో ఒక క్షార పదార్థమును వేరుచేసి దానికి ప్రోటమీన్ అని పేరు పెట్టెను. అది ఆర్జినిన్ అను ఎమినో ఆమ్లముతో నిండిన ప్రోటీను అని తరువాత జర్మనీలో కొసెల్ చూపెను. సామాన్య కణములలో డి.ఎన్.ఏ. దారము హిస్టోను ప్రోటీనులపై చుట్టుకొని యుండును. శుక్రకణము తయారగునపుడు ఆ హిస్టోనులను తొలగించి ప్రోటమీనులు ఆక్రమించును. దారము బిగిసి, తల చిన్నదై, ప్రయాణమునకు అనువగును. ఆబోతు ప్రోటమీనులోని ఎమినో ఆమ్లముల వరుసను 1972లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఈ బిగింపు సరిగా లేని కణము గ్రుడ్డును చేరినను పిండము నిలుచుట కష్టము.

అసలు కథకు 1939వ సంవత్సరము కీలకము. ఆ యేడు మైసూరు రాజభవనపు పాడిక్షేత్రములో సంపత్కుమారన్ కృత్రిమ పద్ధతిన ఆవులకు గర్భోత్పత్తి చేసెను. భారతదేశములో ఇదే మొదటి యత్నమని చెప్పుదురు. ఆ యేడే అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో పాల్ ఫిలిప్స్ ఆబోతు వీర్యమును నిలువ చేయు ఉపాయమొకటి ప్రకటించెను. అప్పటికి పెద్ద బెడద ఏమనగా, సేకరించిన వీర్యమును చల్లబరచినచో శుక్రకణములు త్వరలో చచ్చెడివి, చల్లబరచకున్నను చచ్చెడివి. ఫిలిప్స్ కోడిగ్రుడ్డు పచ్చసొనను ఫాస్ఫేటు లవణముల ద్రావణములో కలిపి అందులో వీర్యమును ఉంచెను. కణములు చలికి తట్టుకొని రోజుల తరబడి బ్రతికినవి. ఆయన శిష్యుడు హెన్రీ లార్డీ. 1940లో ఈ యిరువురు కలిసి వ్రాసిన వ్యాసము శీర్షికలోనే పచ్చసొన మిశ్రమమును ఆహారము అను అర్థమిచ్చు మాటతో పేర్కొనిరి. పచ్చసొన శుక్రకణములకు మేత వంటిదని నాటి ఊహ.

1941లో కార్నెల్ విశ్వవిద్యాలయమున సాలిస్‌బరీ ఫాస్ఫేటుకు బదులు సిట్రేటును వాడెను. దాని వలన సొనలోని కొవ్వు బొట్లు విడిపోయి, సూక్ష్మదర్శినిలో శుక్రకణములు స్పష్టముగా కనబడెను. పచ్చసొన, సిట్రేటు జంట అనేక దేశముల పశుక్షేత్రములకు ప్రాకినది. పని జరుగుచున్నది గనుక కారణమును పట్టుదలతో వెదకినవారు కొద్దిమందియే. పచ్చసొన శుక్రకణమును దేని నుండి కాపాడుచున్నదను ప్రశ్నకు అరువదియేండ్లు సరియైన జవాబు రాలేదు.

చలి నుండి కాపాడుట ఒక యెత్తు, గడ్డకట్టించుట మరియొక యెత్తు. లండనులోని మిల్‌హిల్ పరిశోధనశాలలో పోల్జ్, స్మిత్, పార్క్స్ అను మువ్వురు కోడిపుంజు వీర్యమును పంచదార జాతి ద్రావణములో గడ్డకట్టించు యత్నములో విఫలులై కొన్నాళ్లు విడిచిపెట్టిరి. తరువాత నిలువ సీసాలోని ద్రావణముతోనే మరల యత్నింపగా కణములు బ్రతికినవి. క్రొత్తగా చేసిన ద్రావణముతో మరల చచ్చినవి! సీసాలోనిది పరీక్షింపగా అది పంచదార జాతి ద్రావణమే కాదు, చీటీ తారుమారైన గ్లిసరిన్ మిశ్రమము. 1949లో వారు ఈ సంగతి ప్రకటించిరి. గడ్డకట్టించి కరిగించిన వీర్యముతో ఆవులు చూడి కట్టుచున్నవని పోల్జ్, రౌసన్ 1952లో తెలిపిరి.

ఇచ్చట కొంచెము లెక్క వేసి చూడవలెను. ఆబోతు ఒకసారి ఇచ్చు వీర్యము సుమారు 5 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు సుమారు 100 కోట్ల శుక్రకణములుండును. గొట్టమునకు 2 కోట్ల చొప్పున నింపినచో ఒక్కసారి సేకరించిన వీర్యము 250 గొట్టములకు సరిపోవును. వానిని మైనస్ 196 డిగ్రీల చలిలో సంవత్సరముల తరబడి ఉంచవచ్చును. ఆబోతు చచ్చిన పిమ్మట కూడ దాని దూడలు పుట్టుచుండును. కాని గడ్డకట్టి కరుగునప్పటికి సుమారు సగము కణములు కదలిక కోల్పోవును. మిగిలిన సగములో ఆవును చేరి అండమును ఫలింపజేయగల శక్తి ఎన్నింటికి కలదో కదలికను బట్టి చెప్పలేము.

ఎందుకు చెప్పలేమో 1951లో తెలిసినది. అమెరికాలో చాంగ్, ఆస్ట్రేలియాలో ఆస్టిన్, ఒకరి పని ఒకరికి తెలియకుండ ఒకే విషయము కనుగొనిరి. క్రొత్తగా విడుదలైన శుక్రకణము చురుకుగా ఈదినను అండమును వెంటనే ఫలింపజేయలేదు. ఆడజంతువు గర్భమార్గములో కొన్ని గంటలు గడిపిన పిమ్మటనే దానికి ఆ యోగ్యత కలుగును. 1957లో చాంగ్ ఇంకొక అడుగు వేసెను. యోగ్యత పొందిన కుందేటి శుక్రకణములను మరల వీర్యరసములో ముంచగా ఆ యోగ్యత పోయినది. స్పల్లాంజాని కాగితము గుండ దిగిపోయిన ఆ రసము కేవలము వాహనము కాదు; అది శుక్రకణమునకు కళ్లెము వేయుచున్నది. కళ్లెములో ఏ పదార్థమున్నదో వెదకుట తరువాతి పని.

ఆ వెదకులాట హైదరాబాదుకు చేరిన దారి ఇది. పుష్పమిత్ర భార్గవ 1950లో హైదరాబాదుకు వచ్చి ఇచ్చటి ప్రయోగశాలలో పనిచేసిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు. గ్లిసరిన్ గుట్టు తెలిసిన ఆ మిల్‌హిల్ పరిశోధనశాలలోనే ఆయన కొంతకాలము పనిచేసి, ఆబోతు శుక్రకణములు ఎమినో ఆమ్లములను తమ ప్రోటీనులలో చేర్చుకొనగలవా అను విషయమును గురించి సహచరులతో కలిసి 1959లో ప్రకటించెను. శుక్రకణము తన పని కొరకు సర్వమును సిద్ధముచేసికొని వచ్చు మూసిన పెట్టె వంటిదని నాడు తలచెడివారు. భార్గవ హైదరాబాదులో ఆబోతు వీర్యమును విడిచిపెట్టలేదు. 1977లో నగరమున ఏర్పడిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రమునకు ఆయనయే స్థాపక సంచాలకుడు.

1979లో ఇ.ఎస్.పి. రెడ్డి, భార్గవ కలిసి బ్రిటను నుండి వెలువడు నేచర్ పత్రికలో ఒక క్రొత్త ప్రోటీనును ప్రకటించిరి. ఆబోతు వీర్యరసము నుండి తీసిన ఆ చిన్న ప్రోటీనుకు సెమినల్‌ప్లాస్మిన్ అని పేరు. దానిని ఇ. కోలై అను బాక్టీరియాకు తగిలింపగా బాక్టీరియా పెరుగుట మానినది. వాని రైబోసోములకు కావలసిన ఆర్.ఎన్.ఏ. తయారగుట ఆగినది. వీర్యములో సూక్ష్మజీవులను చంపు పదార్థము ఉండుట ఆశ్చర్యము కాదు. ఆబోతు నుండి ఆవుకు పోవు ద్రవము క్రిములను మోయకుండుట మేలే. కాని దానికి అదొక్కటే పనియా?

జవాబు ఎదురుచూడని చోటు నుండి వచ్చినది. పచ్చసొనతో బ్రతుకు మొదలుపెట్టిన హెన్రీ లార్డీ విస్కాన్సిన్‌లోనే ఆచార్యుడై శుక్రకణముల శక్తిని, శ్వాసక్రియను పరిశోధించుచుండెను. శుక్రకణములోనికి కాల్షియము చొచ్చినపుడు దాని తలపై టోపీవలె నున్న చిన్న సంచి పగులును. అందలి ద్రవములు అండపు పొరను కరగించి దారి చేయును. ఈ సంచి అకాలమున పగిలినచో శుక్రకణము తూటాను ముందే పేల్చుకొన్న వేటగాని వంటిది. ఆబోతు వీర్యరసములో కాల్షియమును అడ్డగించు ప్రోటీనొకటి కలదని లార్డీ బృందము 1982లో తెలిపి దానికి కాల్ట్రిన్ అని పేరు పెట్టినది. 1985లో దాని ఎమినో ఆమ్లముల వరుసను చదువగా 47 తేలినవి. ఆ వరుస హైదరాబాదు సెమినల్‌ప్లాస్మిన్ వరుసయే! ఒకరు బాక్టీరియాను చంపు మందుగా, మరియొకరు కాల్షియమునకు కావలివానిగా చూచినది ఒకే అణువు. అంతటితో ఆగలేదు. రసములోని సిట్రేటు వంటి పదార్థములు అంటియున్నంతసేపు అది కాల్షియమును అడ్డగించుననియు, అవి తొలగినపుడు అదియే కాల్షియము ప్రవేశమును హెచ్చించుననియు 1990లో లార్డీ బృందము చూపినది. ఆ యేడే హైదరాబాదు కేంద్రములో సీతారామ్, నాగరాజ్ ఈ ప్రోటీనులోని 13 ఎమినో ఆమ్లముల ముక్కను కృత్రిమముగా చేసి, అది బాక్టీరియాతోపాటు ఎర్ర రక్తకణములను కూడ పగులగొట్టుచున్నదని తెలిపిరి. పదునైన కత్తి మందుగా పనికిరావలెనన్నచో ముందు దాని ఒర దొరకవలెను. శివాజీ, షైట్, భార్గవ కలిసి వీర్యరస ప్రోటీనులపై వ్రాసిన గ్రంథము కూడ 1990లోనే వెలువడినది.

ఇంతకు ఆబోతు వీర్యరసములో అధికముగా నుండునది సెమినల్‌ప్లాస్మిన్ కాదు. ప్రధానమైనది 109 ఎమినో ఆమ్లములుగల మరియొకటి. దాని వరుస 1983లో తెలిసినది, పేరు పి.డి.సి.-109. కెనడాలోని మాంట్రియలులో మంజునాథ్, సాయిరామ్ 1987లో దానిని, దాని బంధువులను వేరుచేసి బి.ఎస్.పి. ప్రోటీనులని పిలిచిరి. ఇవి శుక్రాశయములలో తయారై, విడుదల సమయమున శుక్రకణములపై పూతవలె అంటును. కణపు పొరలోని కోలీన్ గల కొవ్వులను పట్టుకొనుట వీని నేర్పు. అట్లు పట్టుకొని పొర నుండి కొలెస్టరాలును కొంచెము కొంచెముగా లాగివేయును. కొలెస్టరాలు తగ్గిన పొర మెత్తబడి, చాంగ్, ఆస్టిన్ చెప్పిన యోగ్యతకు సిద్ధమగును. పి.డి.సి.-109 ఆవు అండవాహిక గోడకు శుక్రకణము అతుకుకొనుటకు కూడ తోడ్పడునని 2003లో అమెరికా శాస్త్రజ్ఞులు తెలిపిరి. గోడకు అతికిన కణములు అండము విడుదలయగు వరకు అచ్చట కాచుకొని యుండును.

ఇందులో కాలము ముఖ్యము. ఆవు శరీరములో శుక్రకణము రసమును త్వరలోనే వెనుక విడిచి ముందుకు పోవును. కావున ప్రోటీను పని కొద్దిసేపు మాత్రమే సాగును. సీసాలో అట్లు కాదు. రసము, కణములు గంటల తరబడి కలిసియే యుండును. మేలుచేసిన ప్రోటీనే పొర నుండి కొవ్వును తోడుచునే యుండును. పొర బలహీనమై చలికి పగులును. అట్లయినచో పచ్చసొన ఏమి చేయుచున్నది? మంజునాథ్ బృందము 2002లో చెప్పిన జవాబు సరళము. పచ్చసొనలో అల్పసాంద్రత గల కొవ్వు ప్రోటీను రేణువులున్నవి. బి.ఎస్.పి. ప్రోటీనులు శుక్రకణమును విడిచి వానికి గట్టిగా అంటుకొనును. పచ్చసొన మేత కాదు, ఎర. ఫిలిప్స్ 1939లో చేసిన పని ఇదియే. ఈ వివరణ వచ్చునప్పటికి లార్డీ జీవించియే యుండెను. ఆయన 2010లో మరణించెను.

పి.డి.సి.-109 కొవ్వు పొరలో ఎట్లు చొరబడుచున్నదో హైదరాబాదు విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు 2001 నుండి పరిశోధించుచు, 2010లో ఒక క్రొత్త గుణమును తెలిపిరి: వేడికి ముడుచుకొని గడ్డకట్టబోవు ఇతర ప్రోటీనులను ఇది ఆ కీడు నుండి కాపాడును. పొరను చెరుపునదే తోటి ప్రోటీనులకు కాపరి కూడ.

మరి మంచి ఆబోతును, చెడ్డ ఆబోతును ప్రోటీనులను బట్టి వేరుచేయవచ్చునా? 1993లో పెన్సిల్వేనియాలో కిలియన్ బృందము, క్షేత్రములో ఫలితములు ముందే తెలిసిన 35 హోల్‌స్టీన్ ఆబోతుల వీర్యరసమును పరీక్షించినది. రెండు ప్రోటీనులు ఎక్కువ ఫలవంతమైన ఆబోతులలో హెచ్చుగాను, మరి రెండు తక్కువ ఫలవంతమైన వానిలో హెచ్చుగాను కనబడెను. మొదటి రెండింటిలో ఒకటి ఎముకలలో మొదట కనుగొనబడిన ఆస్టియోపాంటిన్ అని 1997లో తేలినది. 1995 నాటి ప్రయోగము మరింత ఆసక్తికరమైనది. వృషణమును అంటియుండు మెలికల గొట్టము నుండి, రసముతో ఇంకను కలియని శుక్రకణములను తీసి, వానిని వేర్వేరు ఆబోతుల రసములో ముంచిరి. తక్కువ ఫలవంతమైన ఆబోతు కణములకు ఎక్కువ ఫలవంతమైన ఆబోతు రసము తగిలినపుడు అండములోనికి చొచ్చు శక్తి పెరిగినది. అయినను ఈ జాబితాలను చూచి తొందరపడరాదు. ఒక ప్రోటీను ఎక్కువగా నుండుట వేరు, అది కారణమగుట వేరు. రసములోని ప్రోటీనుల పాళ్లు వయస్సుతో, ఋతువుతో మారును. ఒక మందలో కనబడినది మరియొక మందలో కనబడకపోవచ్చును.

కారణము నిస్సందేహముగా తేలిన ఉదాహరణ ఒకటి 2014లో దొరికినది. జర్మనీ, ఆస్ట్రియాలలో పెంచు ఫ్లెక్‌ఫీ జాతిలో కొన్ని ఆబోతులు కేంద్రముల పరీక్షలన్నిటిలో నెగ్గినవి. వీర్యము సమృద్ధి, కదలిక చురుకు, ఆకారము నిర్దోషము. వాని వీర్యము గొట్టములకు ఎక్కి పల్లెలకు పోయినది. నూరు సూదులకు రెండు ఆవులు చూడి కట్టుట కూడ గగనమైనది. వాని జన్యువులను పరిశీలింపగా టి.ఎమ్.ఇ.ఎమ్. 95 అను ప్రోటీనును వ్రాయు జన్యువులో ఒక్క అక్షరము మారి, ప్రోటీను నడుమనే ఆగిపోవుచున్నదని తేలినది. తల్లి నుండి, తండ్రి నుండి రెండు ప్రతులును చెడినవైన ఆబోతులకే ఈ గతి.

ఆ ప్రోటీను పని ఏమో అప్పటికి ఎవరికిని తెలియదు. శుక్రకణము, అండము ఏకమగుటకు కావలసిన ప్రోటీను ఒకటి మాత్రము 2005లో జపానులో చుంచెలుకలలో తెలిసియుండెను. పెండ్లి సంబంధములు కుదుర్చు దేవాలయముగా జపానులో పేరుపొందిన ఇజుమో పేరునే దానికి పెట్టిరి. దానిని అండముపై అందుకొను జోడు ప్రోటీను 2014లో తెలిసినది. టి.ఎమ్.ఇ.ఎమ్. 95 కూడ ఈ పెండ్లిపీటల మీది ప్రోటీనే యని 2020లో స్పెయిన్, జపాను బృందములు వేర్వేరుగా చూపినవి. అది లేని చుంచెలుక శుక్రకణములు అండపు వెలిపొరను దాటి లోపలికి చేరును, అండమును తాకును, కాని దానితో కలిసిపోలేవు. ఆ ప్రోటీను లేని ఆడ చుంచెలుకలు మాత్రము యథావిధిగా పిల్లలను కనును.

ఇట్టి లోపము ఆడ జంతువులలో బయటపడదు గనుక మందలో తరతరములు దాగియుండి, చెడిన రెండు ప్రతులు ఒక కోడెదూడలో కలిసినపుడే తేలును. ఫ్లెక్‌ఫీ మందలలో నేడు దూడ నుండి తీసిన చిన్న నమూనాతో ఆ అక్షరమును చదువవచ్చును. దాని వీర్యమును సూక్ష్మదర్శిని క్రింద ఉంచుటకు ఇంకను ఒక సంవత్సరము పట్టును.